మోటార్‌హోమ్‌లో టీవీ: నాలుగు బాక్సులు, నాలుగు డిష్‌లు, ఒక డాక్టరు గారు

ఇంగ్లండ్ మిడ్‌లాండ్స్‌లో మోటార్‌హోమ్‌లకు కరెంటు, సోలార్, టీవీ పనులు చేస్తుంటాను. అంతకుముందు గుంటూరు జిల్లాలో డాబాల మీద డిటిహెచ్ డిష్‌లు బిగించేవాణ్ణి. ఎన్నో కేసులు చూశాను గానీ ఇదే రాయడానికి కారణం, ఇందులో అన్నిటికంటే పెద్ద తప్పు చేసింది నేనే. కస్టమర్లను అడిగే రాస్తున్నాను. వాళ్లను గుర్తుపట్టే వివరాలు తీసేశాను, ఒకటి రెండు మార్చాను.

నేపథ్యం

భార్యాభర్తలిద్దరూ తెలుగువాళ్లు, డెబ్బై దాటినవాళ్లు. ఆయన ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరైన డాక్టరు. పిల్లలు స్థిరపడ్డారు. ఇల్లు చిన్నది చేసుకుని, మిగిలిన డబ్బుతో పాత మోటార్‌హోమ్ ఒకటి కొన్నారు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: వ్యాను మీద కట్టిన చిన్న ఇల్లు అది. మంచం, గ్యాస్ పొయ్యి, సింకు, మనిషి పట్టేంత బాత్రూమ్, పైన సోలార్ పలక, కింద 100 ఆంపియర్ అవర్ల లెడ్ బ్యాటరీ. ఏడాదికి రెండుసార్లు, ఐదారు వారాల చొప్పున ఫ్రాన్స్ మీదుగా స్పెయిన్‌కు వెళ్లొస్తారు. బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు 2021 నుంచి ఫ్రాన్స్, స్పెయిన్ ఉన్న షెంగెన్ దేశాల్లో 180 రోజుల్లో 90 రోజులే ఉండాలి కాబట్టి, చలికాలమంతా అక్కడే గడిపే పద్ధతి వీళ్లకు లేదు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో డిష్ సైజు దగ్గరికి వచ్చాక తెలుస్తుంది.

వాళ్ల కోరిక చిన్నది. ఆయనకు రాత్రి పది గంటల బిబిసి వార్తలు కావాలి (ఫ్రాన్స్ గడియారంలో పదకొండు). ఆవిడకు సాయంత్రం వచ్చే క్విజ్ పోటీలు కావాలి. "రికార్డింగులు, సినిమాలు అక్కర్లేదు బాబూ, మామూలు బాక్సు చాలు" అన్నారు. ఆ "మామూలు బాక్సు" అన్న మాటలోనే ఇరుక్కున్నాం అందరం.

ఆవిడ ఇంకో మాట కూడా అడిగారు: "డిష్ ఎలాగూ పెడుతున్నావుగా, మన తెలుగు ఛానళ్లు రావూ?" రావు. ఇంటి దగ్గర డీడీ ఫ్రీ డిష్‌కి నేను తిప్పిన జీశాట్-15 ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పున ఉంటుంది. ఇంగ్లండ్ నుంచి చూస్తే అది భూమి అంచుకు అవతలే ఉండిపోతుంది, ఎంత పెద్ద డిష్ పెట్టినా కనపడదు. తెలుగు కావాలంటే ఫోనులో ఇంటర్నెట్ మీద చూసుకోవాల్సిందే. ఆవిడ ఒప్పుకున్నారు గానీ నమ్మినట్టు లేదు.

వచ్చిన సమస్య

2024 వేసవికి ముందు నా షెడ్డుకు వచ్చారు. పాత ఇంట్లో వాడిన ఫ్రీశాట్ (బ్రిటన్‌లో ఉచిత ఉపగ్రహ టీవీ సర్వీసు) బాక్సు అటక మీద నుంచి దించి వ్యానులో పెట్టుకున్నారట. రెండేళ్ల క్రితం బాగానే పనిచేసింది, ఇప్పుడు బిబిసి రావడం లేదు, డిష్ పాడైందేమో చూడమన్నారు.

డిష్ ముట్టుకోక ముందే బాక్సు వెనకున్న లేబుల్ చూశాను. హెచ్‌డీ లేని తొలితరం బాక్సు. 2024 జనవరిలో బిబిసి తన ఉపగ్రహ ప్రసారాల్లో మామూలు, అంటే ఎస్‌డీ ఛానళ్లను ఆపేసి హెచ్‌డీ మాత్రమే ఉంచింది. ఆ హెచ్‌డీ డివిబి-ఎస్2 పద్ధతిలో వస్తుంది, ఈ బాక్సుకు డివిబి-ఎస్ మాత్రమే తెలుసు. డిష్‌కు, కేబుల్‌కు, బాక్సుకు ఏ జబ్బూ లేదు. బాక్సుకు ఆ భాష రాదు, అంతే.

పాత బాక్సుల సంతల్లో ఇప్పటికీ పది పౌండ్లకు ఇలాంటివి దొరుకుతాయి. మోటార్‌హోమ్‌కి బేసిక్ బాక్సు చాలని వెతికేవాళ్ల చేతిలో ముందు పడేవి ఇవే. పైన డివిబి-ఎస్2 అని లేకపోతే ఊరికే ఇచ్చినా తీసుకోవద్దని ఆయనకు చెప్పాను. ప్రయాణం ఇంకో నాలుగు రోజుల్లో ఉంది, నాకు ఖాళీ లేదు. ఆయనే ఆన్‌లైన్‌లో ఒక కిట్ తెప్పించుకుని బయల్దేరారు.

మొదటి ప్రయత్నం: కిట్

కిట్‌లో 35 సెంటీమీటర్ల డిష్, గాజుకు అతుక్కునే రబ్బరు కప్పు స్టాండు, 12 వోల్టుల చిన్న బాక్సు, సిగ్నల్ దొరికితే కూసే ఫైండర్ ఉన్నాయి. మూడో రోజు ఫ్రాన్స్‌లో లువార్ నది పక్కనున్న ఊరి నుంచి వీడియో కాల్ వచ్చింది. తెరమీద ఎవరో జర్మన్‌లో వాతావరణం చెబుతున్నారు. "ఫైండర్ గట్టిగా కూసింది బాబూ, బాక్సులో సిగ్నల్ 90 దాటింది. బిబిసి మాత్రం ఎక్కడా లేదు."

ఫైండర్‌కు ఉపగ్రహాల పేర్లు తెలియవు, ఏది గట్టిగా వినపడితే దానికి కూస్తుంది. బ్రిటన్ ఛానళ్లు 28.2 డిగ్రీల తూర్పున ఉన్న ఆస్ట్రా 2ఇ, 2ఎఫ్, 2జి ఉపగ్రహాల నుంచి వస్తాయి. వాటికి పడమరగా 19.2 డిగ్రీల దగ్గర జర్మనీ ఛానళ్లు మోసే ఆస్ట్రా ఉపగ్రహాలున్నాయి. యూరప్‌లో చాలా భాగానికి ఆ సిగ్నల్ బలంగా అందుతుంది. కొత్తవాళ్ల డిష్ నూటికి తొంభైసార్లు దాని మీదే ఆగుతుంది.

నిజానికి జర్మన్ రావడం నాకు శుభవార్త. ఎక్కడున్నామో తెలిసిపోయింది. ఆ ఊరి నుంచి 28.2 ఉపగ్రహం దీనికి ఎడమవైపు సుమారు 11 డిగ్రీలు, కిందికి 3 డిగ్రీలు. "చెయ్యి చాచి పిడికిలి బిగించండి. ఆ పిడికిలి వెడల్పు దాదాపు పది డిగ్రీలు. అంత ఎడమకు జరపండి, తర్వాత డిష్‌ను ఒక్క పిసరు కిందికి వంచండి. గోరంత తిప్పి రెండు సెకన్లు ఆగండి. బాక్సు పట్టుకోవడానికి ఆ మాత్రం టైం కావాలి." డాక్టరు గారు చెయ్యి చాచి పిడికిలి పట్టుకుంటే ఆవిడ లోపలి నుంచి అంకెలు చదివారు. ఇరవై నిమిషాలకు బిబిసి వచ్చింది.

మర్నాడు చిన్న వానకే పోయింది.

ఇక్కడ బాక్సు చూపించే రెండు గీతల గురించి చెప్పాలి. ఒకటి స్ట్రెంత్, రెండోది క్వాలిటీ. ఎల్ఎన్‌బికి, అంటే డిష్ ముందు చేతి చివర ఉండి సిగ్నల్ పట్టే ముక్కకు, కరెంటు అందుతూ, కేబుల్ సరిగా ఉంటే చాలు, డిష్ గోడవైపు చూస్తున్నా స్ట్రెంత్ ఎంతో కొంత ఉంటుంది. క్వాలిటీ మాత్రం అడిగిన ఉపగ్రహం నుంచి అర్థమయ్యే సమాచారం వస్తేనే లేస్తుంది. డాక్టరు గారు నాకు చెప్పిన 90 స్ట్రెంత్. క్వాలిటీ ఎంతని నేను మొదటే అడిగి ఉంటే, బిబిసి దొరికిన ఆ రాత్రి అది అంచు మీద ఊగుతోందని తెలిసేది. 35 సెంటీమీటర్ల డిష్ ఎండ ఉన్న రోజు లాక్కొస్తుంది, మబ్బు పడితే దాని దగ్గర నిల్వ ఉండదు.

రెండో ప్రయత్నం: నా సలహా

ఇక నా వంతు. సెప్టెంబరు ప్రయాణానికి ఏం పెట్టాలని అడిగితే, 60 సెంటీమీటర్ల డిష్, మూడు కాళ్ల స్టాండు, కొత్త హెచ్‌డీ ఫ్రీశాట్ బాక్సు అన్నాను.

అప్పటి నా ఆలోచన ఇది. ఫ్రీశాట్ 2008 మేలో బిబిసి, ఐటీవీ కలిసి మొదలుపెట్టిన ఉచిత సర్వీసు. నెలనెలా కట్టేది లేదు. ఇంట్లో అలవాటైన నంబర్లే ఉంటాయి, ఏడు రోజుల ప్రోగ్రాం గైడ్ ఉంటుంది, ఛానళ్లు చోటు మారినా బాక్సు తనంతట తనే సర్దుకుంటుంది. పెద్దవాళ్లు, రిమోట్‌తో కుస్తీ పట్టలేరు. మామూలు ఫ్రీ-టు-ఎయిర్ బాక్సు, అంటే ఏ సర్వీసుకూ కట్టుబడకుండా ఉచిత ఛానళ్లన్నీ పట్టేది, ఇస్తే వందల ఛానళ్ల గుంపు పోసినట్టు పోస్తుంది. సులువుగా ఉండేది ఇద్దాం.

ఈ లెక్క ఇంట్లో పెట్టే బాక్సుకు తప్పు కాదు. నేను మర్చిపోయింది, ఇది ఇంట్లో ఉండేది కాదు.

ఫ్రాన్స్ నైరుతిలో ఉన్న బోర్డో దాకా ఇబ్బంది లేదు. స్పెయిన్ ఉత్తర తీరంలో శాన్ సెబాస్టియన్ దగ్గర వాన పడినప్పుడు బొమ్మ ముక్కలైంది. తర్వాత కిందికి దిగి, వాలెన్సియాకు పైన ఉన్న పెన్యీస్కోలాలో ఆగారు. అక్కడ ఏమీ రాలేదు. డాక్టరు గారు ఎవరైనా చేసే పనే చేశారు. మెనూలోకి వెళ్లి "మళ్లీ ట్యూన్ చెయ్యి" నొక్కారు. బాక్సు పాత లిస్టు మొత్తం తుడిచేసి, కొత్తది వెతికి, ఏదీ లేదంది. తిరుగు ప్రయాణంలో జరగోజా దగ్గర క్వాలిటీ గీత కాస్త లేచినా బాక్సు ముందుకు కదల్లేదు. వారం తర్వాత బోర్డోలో మళ్లీ ట్యూన్ చేస్తే అన్నీ వచ్చాయి. "మందు ఇవ్వకుండానే తగ్గిపోయిన జబ్బు ఇది" అని మెసేజ్ పెట్టారు.

అలా తగ్గడమే నాకు అసలు కారణం చెప్పింది. ఫ్రీశాట్ బాక్సు ఛానళ్లను ఒక్కొక్కటిగా వెతకదు. ఉపగ్రహం పంపే ప్రత్యేకమైన సమాచార ప్రవాహం ఒకటుంది. ఏ ఛానల్ ఎక్కడుంది, ఏ నంబరు మీద చూపాలి, గైడ్ ఏమిటి అన్నవన్నీ బాక్సు అందులోంచే చదువుకుంటుంది. అది అందని చోట, పక్కన రెండు మూడు ఛానళ్లు కొనఊపిరితో వస్తున్నా, బాక్సుకు దిక్కు తెలియదు. కొన్ని బాక్సుల్లో నాన్-ఫ్రీశాట్ మోడ్ అని చేత్తో ట్యూన్ చేసే దారి ఉంటుంది గానీ, అది నాలుగు మెనూల అడుగున ఉంటుంది. టెన్షన్‌లో ఉన్న మనిషికి ఫోనులో చెప్పి చేయించగలిగేది కాదు.

కరెంటు దగ్గర రెండో దెబ్బ తగిలింది. ఆ బాక్సు 230 వోల్టులది, ఇన్వర్టర్ మీద నడవాలి. వాళ్లకు కాంపింగ్ సైట్ల కంటే ఫ్రాన్స్‌లోని ఏర్‌లంటే ఇష్టం. అవి మోటార్‌హోమ్‌లు రాత్రి ఆగే చిన్న చోట్లు, చాలావాటిలో కరెంటు ఉండదు. రెండో రాత్రికల్లా బ్యాటరీ పడిపోయింది. తిరిగొచ్చాక మీటరు పెట్టి కొలిచాను. టీవీ 1.8 ఆంపియర్లు, ఇన్వర్టరు మీద బాక్సు 2.7. రోజుకు నాలుగు గంటలు చూస్తే 18 ఆంపియర్ అవర్లు, అది పర్వాలేదు. కానీ ఇన్వర్టర్ ఎవరూ ఆపడం లేదు. బాక్సు స్టాండ్‌బైలో ఉంది, ఇన్వర్టర్ వేడెక్కుతూనే ఉంది, రెండూ కలిసి 1.4 ఆంపియర్లు. మిగతా ఇరవై గంటలకు ఇంకో 28. రోజుకు 46. లెడ్ బ్యాటరీలో సగమే వాడుకోవాలనుకుంటే చేతిలో ఉన్నది 50. అక్టోబరు ఎండలో సోలార్ పలక ఎంత ఇస్తుంది? టీవీ చూడని టైమే బ్యాటరీని ఎక్కువ తినేసింది.

అసలు అడ్డు ఎక్కడ

కొత్త బాక్సు మాట ఎత్తక ముందు ఈసారి డాక్టరు గారిని కూర్చోబెట్టి మ్యాప్ తెరిచాను. ఇది మొదటి రోజే చెయ్యాల్సిన పని.

ఆయన వాదన తెలివైనదే. "దక్షిణానికి పోయేకొద్దీ ఉపగ్రహం ఆకాశంలో పైకొస్తుంది కదా? నేను లెక్క చూశాను. లండన్‌లో 25 డిగ్రీల ఎత్తు, బోర్డోలో 31, స్పెయిన్ దక్షిణాన మలగాలో 35. మరి సిగ్నల్ పెరగాలి, తగ్గుతుందేం?"

లెక్క సరైనదే. పైకొస్తే చెట్లు, గోడలు తక్కువ అడ్డొస్తాయి, అంతవరకే లాభం. సిగ్నల్ అనేది ఎండలాగా అంతటా సమానంగా పడదు, రాత్రి పొలంలో టార్చిలైటు వేసినట్టు ఒకచోట పడుతుంది. బిబిసి, ఐటీవీ లాంటి ఛానళ్లకు ప్రసార హక్కులు బ్రిటన్ వరకే ఉంటాయి కాబట్టి, ఆ వెలుగును కావాలనే బ్రిటన్ మీదికి బిగించి వదులుతారు. దీన్ని యూకే స్పాట్ బీమ్ అంటారు. 2014 ఫిబ్రవరిలో ఈ ఛానళ్లు ఆస్ట్రా 2ఇ బీమ్‌కి మారినప్పుడు దక్షిణ స్పెయిన్‌లో స్థిరపడిన బ్రిటిష్ వాళ్ల ఇళ్లలో తెరలు రాత్రికి రాత్రే నల్లబడ్డాయి. ఆ తీరంలో ఇప్పటికీ చూడాలనుకునేవాళ్లు దాదాపు రెండు మీటర్లు, ఒక్కోచోట అంతకు మించిన డిష్‌లు పెడతారు. వాటితోనూ కొన్ని గంటల్లో సిగ్నల్ జారిపోతుంది.

అంటే పెన్యీస్కోలాలో నేను ఏ బాక్సు పెట్టినా, ఎంత ఖరీదుదైనా, 60 సెంటీమీటర్ల డిష్‌తో బిబిసి వచ్చేది కాదు. నేను మూడు నెలలు బాక్సుకు వైద్యం చేశాను. ఈ మాట ఆయనతో అంటే నవ్వి, "స్కానింగ్ తీయకుండా మందులు రాశావన్నమాట" అన్నారు.

ఎంపిక

ప్రశ్న మారింది. బిబిసి ఎక్కడిదాకా కావాలి? ఫ్రాన్స్ అంతా ఖాయంగా, స్పెయిన్ ఉత్తరాన వీలైనంత, ఆ కింద వదిలేద్దాం అన్నారు ఇద్దరూ. ఈ ఒక్క ఒప్పందంతో సగం ఖర్చు తప్పింది.

డిష్ 80 సెంటీమీటర్లకు పెంచాం. 60తో పోలిస్తే వైశాల్యం 78 శాతం ఎక్కువ. డెసిబెల్స్‌లో రెండున్నర. వినడానికి తక్కువే గానీ, అంచు మీద వానలో నిలబడ్డానికి ఆ రెండున్నరే దిక్కు. 1.2 మీటర్లది ఎందుకు వద్దనుకున్నామంటే, దక్షిణాన అదీ చాలదు, గాలికి నిలవదు, వెనక డిక్కీలో పట్టదు. స్పెయిన్‌లో ఆర్నెల్లు ఒకే చోట ఉండేవాళ్లయితే నేల మీద సిమెంటు పోసి పెద్ద డిష్ నిలబెట్టుకోవచ్చు. వీళ్లు చోటు మారుతూనే ఉంటారు, 90 రోజుల పరిమితి ఎలాగూ ఉంది. కప్పు మీద తనంతట తను తిరిగే ఆటోమేటిక్ డోమ్ గురించి కూడా అడిగారు. వెయ్యి పౌండ్లు దాటుతుంది, లోపలుండే డిష్ చిన్నది, చెట్టు కింద వ్యాను ఆపితే అదీ చెట్టు కిందే ఉంటుంది. విడి డిష్ అయితే పదిహేను మీటర్ల కేబుల్‌తో ఎండలోకి తీసుకెళ్లొచ్చు.

చెట్ల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. మా ఊళ్లో జీశాట్-15 కోసం డిష్ పెడితే అది దాదాపు 65 డిగ్రీల పైకి చూస్తుంది, వేపచెట్టు పక్కనున్నా గొడవ లేదు. ఇక్కడ డిష్ ఎదురింటి గోడను చూస్తున్నట్టు నిటారుగా నిలబడుతుంది. బోర్డో దగ్గర 31 డిగ్రీలే. ఎదురుగా డిష్ కంటే పది మీటర్ల ఎత్తున్న చెట్టు ఉంటే కనీసం 17 మీటర్లు వెనక్కి రావాలి. ఫ్రాన్స్ కాంపింగ్ సైట్లలో నీడ కోసం వరసగా పెంచిన చెట్లకు అంత దూరం ఎవరిస్తారు?

ఇక బాక్సు. మామూలు ఫ్రీ-టు-ఎయిర్ బాక్సు, 50 పౌండ్లకు కాస్త లోపు. మొదట్లో నేను తోసిపుచ్చిన జాతే. ఈసారి ఏం చూసి కొన్నానో చెబుతాను. డివిబి-ఎస్2 ఉండాలి, అది లేకపోతే మిగతావి చూడక్కర్లేదు. ఫ్రీక్వెన్సీ, పోలరైజేషన్ (తరంగం నిలువుదా అడ్డందా అన్నది), సింబల్ రేటు (సమాచారం వచ్చే వేగం) చేత్తో కొట్టి, ఆ ఒక్కటే వెతికించే వీలుండాలి. దొరకనప్పుడు పాత లిస్టును చెరపకూడదు. క్వాలిటీ గీత రిమోట్ మీద ఒకటి రెండు నొక్కుళ్లలో రావాలి, బయట నిలబడ్డ మనిషికి కనపడేంత లావుగా ఉండాలి. ఛానల్ లిస్టు యూఎస్‌బీలో దాచుకోవడానికి వీలుండాలి. నేరుగా 12 వోల్టుల మీద నడవాలి.

ఆ చివరిది పెట్టె మీద రాసింది చూసి నమ్మను. అడాప్టర్ ఇచ్చే 12 వోల్టులు వేరు, వ్యానులో ఉండే 12 వోల్టులు వేరు. ఎండలో సోలార్ ఛార్జ్ అవుతుంటే 14.4 దాకా వెళ్తుంది, రాత్రి పదకొండుకు 11.5కి దిగుతుంది. బెంచి మీద పవర్ సప్లైకి కలిపి 14.6 నుంచి మెల్లగా కిందికి తిప్పుతూ చూశాను. 11.2 దగ్గర ఒక తమాషా జరిగింది. బాక్సు వెలుగుతూనే ఉంది, కొన్ని ఛానళ్లు వస్తూనే ఉన్నాయి, కొన్ని మాత్రం నల్లబడ్డాయి. ఎల్ఎన్‌బికి బాక్సు 13 వోల్టులు పంపితే అది వర్టికల్ (నిలువు) సిగ్నల్ తీసుకుంటుంది, 18 పంపితే హారిజాంటల్ (అడ్డం). బాక్సు లోపలి చిన్న సర్క్యూటు 12ను 18కి పెంచాలి. బ్యాటరీ నీరసపడితే ఆ 18 కూడా జారి, ఎల్ఎన్‌బి వర్టికల్‌కి మారిపోతుంది, హారిజాంటల్ ఛానళ్లన్నీ ఒక్కసారే పోతాయి. సగం ఛానళ్లు పోయాయని ఎవరైనా ఫోన్ చేస్తే, డిష్ జరిగిందా అని కాక బ్యాటరీ ఎంతుందని అడగడం అప్పటినుంచి నాకు అలవాటైంది. ఈ బాక్సుకు ముందు చిన్న వోల్టేజ్ స్టెబిలైజర్, దాని ముందు ఫ్యూజు, గోడకు స్విచ్చు పెట్టాను. టీవీ అయిపోగానే స్విచ్చు ఆర్పాలి. బాక్సు 0.7 ఆంపియర్లు, టీవీతో కలిపి 2.5. రోజుకు పది ఆంపియర్ అవర్లు, నలభయ్యారు కాదు.

గుంపు ఛానళ్ల సమస్య మాత్రం నేను భయపడినట్టే ఉంది. మొత్తం స్కాన్ చేస్తే బిబిసి వన్ ఒక్కటే ప్రాంతానికి ఒకటి చొప్పున వరసగా వచ్చింది, ఐటీవీ కూడా అంతే. ఒక ఆదివారం మధ్యాహ్నం టీ తాగుతూ ఆవిడా నేనూ కూర్చుని అన్నీ తీసేసి పద్దెనిమిది ఉంచాం, ఆవిడ చెప్పిన వరసలో. లిస్టు యూఎస్‌బీలో రెండు కాపీలు తీశాను. ఏడు రోజుల గైడ్ రాదు, ఇప్పుడేముంది, తర్వాతేముంది అన్నంతవరకే. "క్విజ్ ఎన్నింటికో నాకు తెలుసులే" అన్నారావిడ. నేను అంత బరువనుకున్న గైడ్, ఆ ఇంట్లో ఎవరూ తెరిచినట్టు లేదు.

ఎల్ఎన్‌బిని మెడ దగ్గర తిప్పడం కూడా నేర్పించాను. లండన్‌కూ మలగాకూ మధ్య అది దాదాపు 15 డిగ్రీలు అదనంగా తిరగాలి, గడియారంలో గంటల ముల్లు అర గంటలో జరిగినంత. ఎల్ఎన్‌బి మెడ మీద పెయింట్ మార్కర్‌తో మూడు గీతలు గీసి, ఇంగ్లండ్, బోర్డో, స్పెయిన్ అని తెలుగులో రాశాను. ఎవరైనా తమ ఇంటి డిష్ నుంచి తీసిన ఎల్ఎన్‌బి ఇస్తామంటే తీసుకోవద్దని కూడా చెప్పాను. స్కై కంపెనీ వాళ్ల స్కై క్యూ బాక్సు కోసం పెట్టే వైడ్‌బ్యాండ్ ఎల్ఎన్‌బి చూడ్డానికి అలాగే ఉంటుంది, ఇలాంటి మామూలు బాక్సుతో పనిచెయ్యదు.

ఈ కేసు తర్వాత నేను మార్చుకున్నవి

ఎక్కువగా పనికొచ్చింది నేను ముందు ఆలోచించని విషయం. బాక్సులో రెండో ఉపగ్రహంగా 19.2 కూడా పెట్టాను, జర్మన్ ఛానళ్లు చూడ్డానికి కాదు. 28.2 రానప్పుడు డిష్‌ను కుడికి తిప్పి 19.2 పట్టుకోవాలి. అది 80, 90 క్వాలిటీతో వస్తే డిష్, ఎల్ఎన్‌బి, కేబుల్, బాక్సు అన్నీ బాగున్నట్టే, లోపం మనం నిలబడ్డ చోటుది. అదీ రాకపోతే లోపం మన సామానుది. అప్పుడు ముందు కేబుల్ చివర పిన్ను విప్పి చూడాలి. అల్లిక తీగలో ఒక్క వెంట్రుకంత పోగు మధ్య తీగకు తగిలినా షార్టే. ఈ పరీక్షకు మీటరు అక్కర్లేదు, నాకు ఫోనూ అక్కర్లేదు.

కొత్త కస్టమర్ వస్తే ఇప్పుడు బాక్సు గురించి చివర్న మాట్లాడతాను. ఏ ఊళ్లు, ఏ నెలలు, కరెంటు ఉన్న చోట్లా లేని చోట్లా, ఏ ఛానళ్లు లేకపోతే బాధ, ఈ నాలుగూ ముందు అడుగుతాను. బ్రిటన్‌లోనే తిరుగుతూ కరెంటున్న సైట్లలో ఆగేవాళ్లకు ఇప్పటికీ ఫ్రీశాట్ బాక్సే చెబుతున్నాను. సముద్రం దాటి దక్షిణానికి పోయేవాళ్లకు చెప్పను. ఇంటర్నెట్ ఉండగా ఇదంతా ఎందుకని కుర్రాళ్లు అడుగుతారు. బిబిసిని ఇంటర్నెట్‌లో చూపే ఐప్లేయర్ విదేశాల్లో తెరుచుకోదు, రోమింగ్ డేటాకు పరిమితి ఉంటుంది, ఆ ఏర్‌లలో ఫోను సిగ్నలే ఒక్కో గీత. ఐదేళ్ల తర్వాత నా సమాధానం మారొచ్చు.

తర్వాత

2025 వసంతంలో వెళ్లారు. ఫ్రాన్స్ అంతా వచ్చింది. శాన్ సెబాస్టియన్‌లో వానలోనూ నిలబడింది. జరగోజాలో పగలు వచ్చి రాత్రి పోయింది. ఆ తర్వాత వారం రోజులు ఫోన్ లేదు, నాకే కాస్త గాభరా వేసింది. దక్షిణ స్పెయిన్‌లోని అల్మెరియా నుంచి ఫోటో ఒకటి వచ్చింది. సముద్రం, రెండు కుర్చీలు, బల్ల మీద పేక ముక్కలు. కింద ఆయన మెసేజ్: "28.2 సున్నా. 19.2 తొంభై రెండు. సామాను బాగుంది, రమ్మీలో నేనే ఓడిపోతున్నాను. మా ఆవిడ మాత్రం తెలుగు ఛానళ్ల సంగతి మళ్లీ అడగమంటోంది."